మీకు తెలుసా? లిఫ్టు బ్రేకులు రెండూ ఒకేసారి పట్టాలి

లిఫ్టు తాళ్లు తెగినా క్యాబిన్‌ను ఆపే బ్రేకులు పైన మోటారు దగ్గర ఉండవు. క్యాబిన్ చట్రానికే, రెండు పక్కలా, క్యాబిన్‌కు దారి చూపే నిలువు పట్టాల (గైడ్ రైళ్ల) పక్కనే ఉంటాయి. కిందికి దిగే వేగం ఉండాల్సిన దానికంటే కనీసం 15 శాతం మించాక, గవర్నర్ అనే చక్రం తన సన్నటి తాడును బిగబట్టేస్తుంది. క్యాబిన్ ఇంకా జారుతుంటే ఆ తాడు బ్రేకు లివర్‌ను పైకి లాగుతుంది. అయితే లాగేది ఒక పక్కనే! మరి రెండో బ్రేకు?

అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. మామూలుగా ఆ లివర్ నుంచి అవతలి పక్కకు అడ్డంగా ఒక ఇనుప కడ్డీ వెళ్తుంది. అది తిరగగానే రెండు వైపులా ఏటవాలు ఉక్కు ముక్కలు ఒక్కసారే లేచి, రైలుకూ బ్రేకు దవడకూ మధ్య ఇరుక్కుంటాయి. బరువు కిందికి లాగేకొద్దీ ఇంకా లోపలికి దిగబడతాయి. ఒకటి ముందు, ఒకటి వెనక పడితే క్యాబిన్ ఒరుగుతుంది. బ్రేకు పడ్డాక నేల 5 శాతానికి మించి వాలకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 81 చెబుతుంది.

కడ్డీ కీళ్లలో తుప్పు, మురికి పేరుకుంటే రెండో పక్క ఆలస్యమవుతుంది. మీ అపార్ట్‌మెంటు లిఫ్టు సర్వీసుకు వచ్చే మెకానిక్‌ను ఆ కడ్డీ చూశారా అని తప్పకుండా అడగండి.