'పుట్ అప్ విత్' - అర్థము, అనువాదము

ఆంగ్లమున నిత్యవ్యవహారమందు వినవచ్చు 'పుట్ అప్ విత్' అను పదబంధము చూపునకు మిక్కిలి సులభము. 'పుట్' అనగా ఉంచుట, 'అప్' అనగా పైకి, 'విత్' అనగా తోడ. కాని ఈ మూటిని కూర్చినంతమాత్రమున అర్థము సిద్ధింపదు. ఇట్టి బంధములను లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రకటించిన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అను గ్రంథమున 'ఫ్రేజల్ వెర్బ్' అని వ్యవహరించి, ఆ పేరు తనకు నిఘంటుకారుడైన హెన్రీ బ్రాడ్లీ సూచించినదని తెలిపెను.

సంస్కృతపరిచయము గల విద్యార్థులకిది వింత గాదు. హృ ధాతువు ఉపసర్గభేదముచే ఆహార, విహార, సంహార శబ్దములందు భిన్నార్థముల నొందుట వారెరిగినదే. ఉపసర్గ ధాతువునకు ముందు నిలుచును. ఆంగ్లమున ఈ చిన్న పదములు క్రియకు వెనుక నిలుచును. 'పుట్ అప్' అన్నంతవరకు అతిథికి బస యిచ్చుట, పటమును గోడకు తగిలించుట మున్నగు అర్థములు గలవు. 'విత్' చేరగానే అవి తొలగి, ఇష్టము లేనిదానిని విధిలేక భరించుట అను అర్థమేర్పడును. 'పుట్ ఇట్ ఆఫ్' అనునపుడు సర్వనామము నడుమ జొచ్చును. ఇచ్చట మాత్రము 'పుట్ అప్ విత్ ఇట్' అనియే యనవలెను.

దీనిని 'సహించు' అని తెలిగించుట వాడుక. చిక్కంతయు అందే కలదు. 'ఐ హావ్ పుట్ అప్ విత్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్' అని యొక యిల్లాలు భర్తను గూర్చి పలికినదనుకొందము. 'పదియేండ్లుగా ఆయనను సహించుచున్నాను' అన్నచో ఆమె తన యోర్పును చాటుకొన్నట్లుండును. మూలమునందలి ప్రధానభావము ఓర్పు గాదు, విసుగు. 'పదియేండ్లుగా ఆయనతో వేగుచున్నాను' అన్నచో ఆ విసుగు నిలుచును. 'వేగు' ధాతువునకు పెనముమీద వేగుట మొదటి యర్థము. ఇచ్చటను విడి యర్థము వాక్యార్థము నీయదు. 'విత్' వలెనే 'తో' ప్రత్యయమును తప్పదు.

అయినను అన్నిచోట్ల 'వేగు' పొసగదు. వసతి చాలని గదిని గూర్చి చెప్పునపుడు 'సరిపెట్టుకొను' అనుట యుక్తము. 'ఐ వోంట్ పుట్ అప్ విత్ ఇట్' అను హెచ్చరికకు 'ఇక నూరుకొనను' అనుటయే సహజము.

కావున అనువాదకుడు నిఘంటువును విప్పుటకు ముందు, ఆ మాట పలుకువారెవరు, ఏ బాధతో పలుకుచున్నారు అని విచారింపవలెను. లేనిచో ఫిర్యాదు సుగుణముగ మారి, పలికినవారికే యన్యాయము జరుగునని మా యభిప్రాయము.