పాత ధారావాహికలు – కొత్త మెరుగులు

కుమ్హారిలోని మా ఇంటి ముందుగదిలో నెలకొక ఆదివారం సాయంత్రం నలుగురైదుగురు మిత్రులము సమావేశమవుతూ ఉంటాము. అందరమూ ఇంచుమించు ఒకే ఈడువారము. భిలాయి ఉక్కు కర్మాగారంలో వేర్వేరు విభాగాలలో పనిచేస్తున్నవారము. అక్కడ చర్చనీయాంశం ఉత్పత్తి లక్ష్యాలు కాదు, పదోన్నతులు అంతకన్నా కాదు. బాల్యంలో దూరదర్శన్‌లో చూచిన వైజ్ఞానిక కల్పనా ధారావాహికలను డిస్కులపై తిరిగి చూచి, వాటి మంచిచెడ్డలను తర్కించుకొనడమే మా వ్యాపకం. యాభై దాటిన ఇంజనీర్లకు ఇదేమి పిచ్చి అని ఇంటివారు నవ్వుకొంటారు. ఆ నవ్వును సవినయంగా స్వీకరిస్తూనే, ఈ చర్చలలో తేలిన ఒక విషయం పాఠకులందరికీ ఉపకరిస్తుందన్న నమ్మకంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆదివారం ఉదయపు అంతరిక్షం

అమెరికాలో 1966 నుండి 1969 వరకు 79 భాగాలుగా ప్రసారమైన 'స్టార్ ట్రెక్' ధారావాహిక 1980ల మధ్యకాలంలో దూరదర్శన్ ద్వారా ఆదివారం ఉదయాలలో మన ఇండ్లకు వచ్చినది. అందులోని ఆంగ్లం మాకు సగమే అర్థమయ్యేది. మిగిలిన సగాన్ని ఊహ పూరించేది. 1989లో వచ్చిన 'ఇంద్రధనుష్'లో పిల్లలే కంప్యూటరును కూర్చి, కాలంలో ప్రయాణిస్తారు. దానిని చూచిన తరువాత ఇంట్లో పాడైన రేడియోను విప్పని బాలుడు మా వీధిలో లేడు. ఆ తరువాత 'స్పేస్ సిటీ సిగ్మా', 1998లో 'కెప్టెన్ వ్యోమ్' వచ్చినవి. అట్టలతో, రంగు దీపాలతో కట్టిన ఆ నౌకలు నేటి పిల్లలకు హాస్యాస్పదంగా తోచవచ్చును. మాలో కొందరిని సాంకేతిక విద్య వైపు నడిపించినవి మాత్రం అవే.

మెరుగు పెట్టవలెనా, వద్దా?

పాత ధారావాహికను ఇంటిలో చూచుకొనడానికి విడుదల చేసినప్పుడు అభిమానులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. 'స్టార్ ట్రెక్'ను 35 మి.మీ. ఫిల్ముపై చిత్రీకరించినందున, మూల నెగెటివ్ నుండి ఎంతో స్పష్టమైన చిత్రాన్ని తీయడం సాధ్యమైనది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే 2006లో ఆ సంస్థవారు మరొక అడుగు వేసి, చిన్న నమూనాలతో తీసిన నౌకల దృశ్యాలను తొలగించి, కంప్యూటరుతో రూపొందించిన దృశ్యాలను చేర్చారు. అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోయారు. కొత్తవారిని ఆకర్షించడానికి ఇది అవసరమని ఒక వర్గం, ఆనాటి శిల్పుల చేతిపనిని తుడిచివేసే హక్కు ఎవరికున్నదని రెండవ వర్గం. 2009 నాటి బ్లూ-రే విడుదలలో పాత, కొత్త దృశ్యాలు రెండింటినీ ఇచ్చి, ఎంపికను ప్రేక్షకునికే వదలినందున వివాదం చాలావరకు చల్లారినది. బ్రిటన్‌లో 'రెడ్ డ్వార్ఫ్' తొలి భాగాలను 1998లో ఇట్లే మార్చి విడుదల చేయగా అభిమానులు పెదవి విరిచారు. తరువాతి డీవీడీలలో మూలరూపాన్నే ఇవ్వవలసి వచ్చినది.

ఈ వాదం మా గదిలోనూ జరిగినది. మా అబ్బాయి కొత్త దృశ్యాల పక్షం, మేము పాతవాటి పక్షం. రోలింగ్ మిల్లులో పనిచేసే మిత్రుడొకరు తీర్పు చెప్పారు: “డ్రాయింగు మార్చినప్పుడు ఏం చేస్తామండీ? కొత్త రివిజన్ నంబరు వేస్తాం. పాతది చింపిపారేస్తామా?” దానికి మించిన సమాధానం మాకు నేటికీ దొరకలేదు.

తుప్పు మీద వ్రాసిన జ్ఞాపకం

మార్చడానికైనా ముందు మూలం ఉండవలెను కదా! 1963లో మొదలైన బ్రిటిష్ ధారావాహిక 'డాక్టర్ హూ' కథ ఈ విషయంలో కనువిప్పు. ఆనాడు వీడియో టేపు ఖరీదైన వస్తువు. ప్రసారం ముగిసిన టేపును చెరిపి తిరిగి వాడేవారు. విదేశాలకు పంపేందుకు తీసిన ఫిల్ము ప్రతులను కూడా తరువాత పారవేశారు. ఫలితంగా 1960ల నాటి భాగాలలో తొంభైకి పైగా అదృశ్యమైనవి. కొన్ని ప్రతులు దూరదేశాలలో బయటపడినవి. 2013లో నైజీరియా నుండి తొమ్మిది భాగాలు తిరిగి లభించినవి. మిగిలినవాటి బొమ్మ పోయినా ధ్వని మాత్రం మొత్తం దక్కినది. దక్కించినది సంస్థ కాదు. ఇండ్లలో టీవీ ముందు టేపు రికార్డరు పెట్టి ధ్వనిని నింపుకొన్న అభిమాన బాలురు. ఆ ధ్వనికి కొత్తగా బొమ్మలు గీసి, 2016లో 'ది పవర్ ఆఫ్ ది డాలెక్స్' కథను విడుదల చేశారు.

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన ముచ్చట ఒకటి ఉన్నది. సాధారణ క్యాసెట్ టేపుపై పూసే గోధుమవన్నె పొడి ఐరన్ ఆక్సైడే. మన రాజహరా గనులలోని హెమటైట్ రసాయన సూత్రమూ అదే. స్ఫటిక నిర్మాణం మాత్రమే వేరు. కర్మాగారంలో ఏ తుప్పును శత్రువుగా భావిస్తామో, ఆ జాతి పదార్థమే అక్కడ జ్ఞాపకాన్ని మోస్తున్నది. దానిని పట్టి ఉంచే జిగురు తేమకు చెడుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. కనుక ఆ జ్ఞాపకానికి ఆయుర్దాయం ఉన్నది.

మా ఇంటి క్యాసెట్

మేమూ అట్టి బాలురమే. వీసీఆర్ కొనే స్తోమత లేక, టీవీ ముందు స్టూలు వేసి, దానిపై టేపు రికార్డరు ఉంచి 'స్టార్ ట్రెక్' ధ్వనిని రెండు క్యాసెట్లలో నింపుకొన్నాము. అందులో ఒకదానిపై 1991లో మేమే సినిమా పాటలు నింపి చెరిపివేశాము. ఇతరులను తప్పు పట్టే అర్హత మాకు లేదు.

రెండవది గత సంవత్సరం పాత ట్రంకు పెట్టెలో దొరికినది. బూజు తుడిచి, మిత్రుని డెక్కులో పెట్టి, కంప్యూటరుకు కలిపి వినిపించాము. నౌకాధిపతి సంభాషణ వెనుక మా నాన్నగారి గొంతు వినవచ్చినది. శ్రీకాకుళం నుండి వచ్చి కొలిమి పక్కన ముప్పది ఏండ్లు పనిచేసి, 2009లో మమ్ము విడిచిపోయిన మనిషి. “ఒరే, ఆ ఓడకి రెక్కలు ఎందుకు లేవో చెప్పు చూద్దాం. గాలే లేని చోట రెక్కలతో పనేమిటిరా!” వెంటనే మా అమ్మగారు: “ముందు ఉప్మా తినండి, చల్లారిపోతంది.” గదిలో ఎవరమూ మాట్లాడలేదు. మా అబ్బాయి తన తాతగారి మాట విన్నది అదే మొదటిసారి. వాడే దానిని మళ్ళీ పెట్టించాడు.

ఆ భాగం మచ్చలేని చిత్రంతో, శుభ్రమైన ధ్వనితో మా డిస్కులలో ఉన్నది. ఎంత మెరుగు పెట్టినా ఆ డిస్కులో ఈ రెండు మాటలు ఉండవు.

కుటుంబ సభ్యులకు మనవి

2020 మార్చి 28 నుండి దూరదర్శన్ 'రామాయణం' పునఃప్రసారం చేయగా దేశమంతా కూర్చుని చూచినది. మూలం భద్రంగా ఉన్నందుననే అది సాధ్యమైనది. మన ఇండ్ల అటకల మీద కూడా పెండ్లి టేపులు, పిల్లల పాటలు, పెద్దల మాటలు ఉండి ఉంటాయి. క్యాసెట్ వెనుక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళలను విరిచివేస్తే పొరపాటున చెరిగే ప్రమాదం ఉండదు. బూజు పట్టినదానిని శుభ్రపరచకుండా ఆడించరాదు. కంప్యూటరులోకి మార్చిన తరువాత ప్రతులను రెండు చోట్ల దాచి, సంవత్సరమూ, పేర్లూ వ్రాసి ఉంచవలెను. పాతదానిని మాత్రం పారవేయవద్దు. రివిజన్ నంబరు వేసుకొంటే చాలును.

వచ్చే నెల సమావేశానికి మిత్రులు తమ ఇండ్లలోని టేపులను తెస్తామన్నారు. డెక్కు హెడ్డును శుభ్రపరచి సిద్ధంగా ఉంచాము.