నవజాత శిశువులలో అవటుగ్రంథి లోపము – కోరాపుట్, రాయగడ మన్యప్రాంతములు

పుట్టిన బిడ్డ ఏడువక, పాలకైనను లేవక నిదురించుచుండిన, బుద్ధిమంతుడని పెద్దలు మురియుట మన యిండ్లలో పరిపాటి. కొన్ని యెడల ఆ మురిపెము ప్రమాదకరము. మెడ ముందుభాగమున నుండు అవటుగ్రంథి, అనగా థైరాయిడ్, పుట్టుకతోనే పనిచేయకుండుటకు ఆ మత్తు సూచన కావచ్చును.

కోరాపుట్, రాయగడ సీమలు 1936 వరకు విశాఖపట్టణ మండలములోనివి. 1992లో రాయగడ ప్రత్యేక జిల్లా యయ్యెను. నేటికిని రాయగడ, గుణుపురము, జయపురములలో తెలుగు కుటుంబములు పెక్కు కలవు. ఇట్టి కొండసీమలలో భారీవర్షములు నేలలోని అయొడిన్‌ను కడిగివేయును. అందు పండిన తిండిలోను అది కొరతపడును. గర్భమున మొదటి మూడు మాసములు శిశువు మెదడునకు తల్లి థైరాయిడ్ స్రావమే ఆధారము. తల్లికి అయొడిన్ మిక్కిలి కొరతపడినచో బిడ్డకు బుద్ధిమాంద్యము, చెవుడు కలుగవచ్చును. గర్భిణికి దినమునకు 250 మైక్రోగ్రాముల అయొడిన్ కావలెను. సముద్రపు కల్లుప్పులో అది సమృద్ధిగా నుండుననుట భ్రమ.

శ్రీకాకుళమున 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో సహచరులతో కాంగ్రా లోయలో ప్రారంభించిన పరిశోధన, అయొడిన్ కలిపిన ఉప్పుచే గళగండము తగ్గునని నిరూపించెను. 1962లో గళగండ నివారణకు జాతీయ కార్యక్రమ మేర్పడెను.

అయినను ఉప్పొక్కటియే చాలదు. కొందరు శిశువులలో గ్రంథి అసలే యేర్పడదు. లేదా నాలుక మొదట నిలిచిపోవును. ప్రపంచమున సుమారు 2,000 నుండి 4,000 జననములకు ఒకరు ఇట్టి థైరాయిడ్ లోపముతో పుట్టుచున్నారు. తల్లి స్రావము కొంత సంక్రమించి యుండుటచే వీరు పుట్టినపుడు ఆరోగ్యవంతులుగనే తోచుదురు. పిదప కామెర్లు తగ్గకుండుట, మలబద్ధకము, బొంగురు ఏడుపు, పెద్ద నాలుక, బొడ్డు ఉబ్బుట కనబడును. అవి స్పష్టమగునప్పటికి మెదడునకు హాని ఆరంభమై యుండును. వీరిలో గుండె లోపములు ఇతర శిశువులలోకంటె నెక్కువ. కొందరికి అంగుడిచీలిక, మూత్రపిండ లోపములు నుండవచ్చును. కనుక గుండెను తప్పక పరీక్షింపవలెను.

సాధారణముగా పుట్టిన 48 గంటల పిమ్మట మడమనుండి రక్తబిందువు తీసి టి.ఎస్.హెచ్. పరిమాణము చూతురు. పుట్టిన వెంటనే అది సహజముగనే పెరుగును గాన తొందరపడి తీసిన పరీక్ష దారితప్పించును. దూరపు గూడెముల తల్లులు ఆసుపత్రిలో రెండు దినములు నిలుచుట కష్టము. అట్టిచోట ప్రసవసమయముననే బొడ్డుత్రాటి రక్తమును పరీక్షించుట మేలు. ఫలితము సందేహాస్పదమైనచో శిశువును వెదకి మరల పరీక్షింపవలెను. 3, 7, 14వ దినములలో ఇండ్లకు వెళ్ళు ఆశా కార్యకర్త అందులకు తోడ్పడగలదు.

చికిత్స సులభము. లెవోథైరాక్సిన్ మాత్రను, శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 10–15 మైక్రోగ్రాముల చొప్పున వైద్యుడు నిర్ణయించును. దానిని పొడిచేసి కొలది తల్లిపాలలో కలిపి చెంచాతో పట్టవలెను; ఇనుము, కాల్షియము మందులతో కలుపరాదు. రెండు వారములలోపల ఆరంభించి విడువక వాడినచో పెక్కుమంది బిడ్డలు తోడివారివలెనే చదువుకొందురు. ఆలస్యమైనచో పోయిన బుద్ధిశక్తి పూర్తిగా తిరిగిరాదు. కావున ప్రసవమైన ప్రతి యింటివారును, మా బిడ్డకు థైరాయిడ్ పరీక్ష జరిగినదా యని అడుగుట అలవరచుకొనవలెను.