రక్తాన్ని పలుచబరిచే మందులు వాడే వృద్ధులు – తలకు చిన్న దెబ్బ

గుండె కవాటం మార్పిడి జరిగిన 72 ఏళ్ల వ్యక్తి రోజూ ఎసినోకుమరాల్ మాత్ర వేసుకుంటున్నారనుకుందాం. స్నానాల గదిలో కాలు జారి, తల గోడకు తగిలింది. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు, మాట స్పష్టంగానే ఉంది. "ఏమీ కాలేదు, కాసేపు పడుకుంటాను" అంటున్నారు. ఇటువంటి సందర్భంలో ఆరోగ్య కార్యకర్త ఏం చేయాలి?

ప్రమాదం ఎందుకు ఎక్కువ?

వయసు పెరిగేకొద్దీ మెదడు కొంత కుంచించుకుపోతుంది. దానికీ పుర్రెకూ మధ్య ఖాళీ పెరిగి, అక్కడి సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న కుదుపుకే అవి చిట్లవచ్చు. మందు ప్రభావం వల్ల రక్తం త్వరగా గడ్డకట్టదు. ఖాళీ ఉన్నందున కొంత రక్తం చేరినా మెదడుపై ఒత్తిడి వెంటనే పెరగదు. అందుకే గ్లాస్గో కోమా స్కేలుపై పూర్తి 15 పాయింట్లు వచ్చినా, లోపల రక్తస్రావం లేదని చెప్పలేం.

ఏం చేయాలి?

1. దెబ్బ తగిలిన సమయం, మందు పేరు, చివరి మోతాదు వేసుకున్న సమయం రాసుకోవాలి. వార్ఫరిన్, ఎపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగట్రాన్, క్లోపిడోగ్రెల్ గురించి పేరుపేరునా అడగాలి.

2. లక్షణాలు లేకపోయినా సీటీ స్కాన్ సౌకర్యమున్న ఆసుపత్రికి పంపాలి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2023 మార్గదర్శకాలు, ఇటువంటి వారికి దెబ్బ తగిలిన 8 గంటల లోపు స్కాన్ విషయం పరిశీలించాలని చెబుతున్నాయి. వాంతులు, మూర్ఛ, మగత, చేయి లేదా కాలి బలహీనత ఉంటే ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి.

3. వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వాడేవారికి ఐఎన్ఆర్ రక్తపరీక్ష అవసరం.

4. మందును సొంతంగా ఆపకూడదు. ఆపితే కృత్రిమ కవాటంపై గడ్డ ఏర్పడి పక్షవాతం రావచ్చు. తర్వాతి మోతాదు గురించి వైద్యుడే నిర్ణయించాలి.

5. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

స్కాన్ మామూలుగా ఉంటే?

కనీసం 24 గంటలు ఇంట్లో ఒకరు తోడుండాలి. కొందరిలో రక్తం నెమ్మదిగా చేరి, వారాల తర్వాత తలనొప్పి, నడకలో తూలు, మతిమరుపు కనిపిస్తాయి. వీటిని "వయసు మీద పడింది" అని వదిలేయకుండా, తలకు దెబ్బ తగిలిన సంగతి వైద్యుడికి చెప్పి మళ్లీ చూపించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వృద్ధుల్లో మెదడు చుట్టూ రక్తం చేరినా లక్షణాలు ఆలస్యంగా ఎందుకు కనిపిస్తాయి?
2. పై ఉదాహరణలో మాత్రను సొంతంగా ఆపితే కలిగే ప్రమాదమేమిటి?