తిరగేసి చూశాకే అతుకు

స్కూటర్ పానెల్ పగిలిందని ఎవరు తెచ్చినా ముందు దాన్ని తిరగేస్తాను. లోపలివైపు అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతూ ఏబీఎస్ అనో, పీపీ అనో అచ్చు ఉంటుంది. ఏబీఎస్ అయితే పని సులువే. అదే రకం ముక్కల్ని అసిటోన్‌లో నానబెడితే చిక్కటి గంజిలా అవుతుంది. పగులు పాకకుండా దాని కొసన సన్నటి రంధ్రం వేసి, ఆ గంజిని లోపలినుంచి నింపి రాత్రంతా వదిలేయాలి. బయటి రంగుకి తగిలిందా, రంగు లేచిపోతుంది.

కారు బంపర్లు ఎక్కువగా పీపీ రకం. వాటికి అసిటోన్ పనిచేయదు, మామూలు జిగురూ పట్టదు. సోల్డరింగ్ ఐరన్‌తో స్టీలు జాలీని లోపలికి దించి, పైన పీపీ కడ్డీని కరిగించాలి. పొగ లేచిందంటే వేడి ఎక్కువైనట్టే.

నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా విరిగిన స్క్రూ చెవులే. అతిగా బిగించేవాళ్ల పుణ్యం! హెల్మెట్ మాత్రం ఎంత బతిమాలినా అతకను.