పది నిమిషాల తర్వాత తెలిసే వేగం

టీవీ వెనక బిగించినా కంటికి ఆననంత చిన్న కంప్యూటర్లు ఇప్పుడు బజారులో ఎన్నో. 2024లో యాపిల్ తెచ్చిన ఎం4 మ్యాక్ మినీ పొడవూ వెడల్పూ 12.7 సెంటీమీటర్లే. ఇంటెల్ ఎన్100 చిప్‌తో వచ్చే చవక మినీ పీసీలు బిల్లింగ్ కౌంటర్ల దగ్గరా, పిల్లల చదువు బల్లల మీదా సులువుగా ఇమిడిపోతాయి. మరి అంత చిన్న డబ్బా ఎంత పని చేస్తుంది? అట్టపెట్టె మీద అచ్చేసిన గిగాహెర్ట్జ్ అంకె ఆ సంగతి చెప్పదు.

ప్రాసెసర్ కొద్ది సెకన్ల పాటు ఎక్కువ కరెంటు తీసుకుని పరుగు పెట్టగలదు. ఆ గడువు దాటాక, లేదా వేడి హద్దుకు చేరాక, తనంతట తానే నెమ్మదిస్తుంది. పెద్ద క్యాబినెట్‌లో వేడి పోవడానికి చోటుంటుంది. మినీ పీసీలో సాధారణంగా ఉండేది ఒక చిన్న ఫ్యాను, వేలెడంత హీట్‌సింక్. ఎన్100కి ఇంటెల్ చెప్పిన కరెంటు లెక్క 6 వాట్లు. కొన్ని కంపెనీలు అంతకంటే ఎక్కువకు సెట్ చేస్తాయి. అందుకే ఒకే చిప్ ఉన్న రెండు డబ్బాలు ఒకేలా పనిచేయవు.

ఈ తేడాను పట్టుకోవడానికి సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రాం బాగా పనికొస్తుంది. తెర మీద ఒక త్రీడీ దృశ్యం చిన్న చిన్న గళ్లుగా నిండుతూ వస్తుంది, పూర్తవగానే మళ్లీ మొదలవుతుంది. 2020లో వచ్చిన ఆర్23 వెర్షన్ నుంచి ఈ పరీక్ష మామూలుగానే 10 నిమిషాలు నడుస్తోంది. పక్కనే సెన్సార్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టుకుంటే ఉష్ణోగ్రత ఎక్కడం, వేగం తగ్గడం కళ్లెదుటే కనిపిస్తాయి. మొదటి నిమిషం వేగానికీ చివరి నిమిషం వేగానికీ ఉన్న తేడాయే ఆ పెట్టె అసలు జాతకం.

గది వేడినీ లెక్కలోకి తీసుకోవాలి. ఫ్యాను లాగేది గదిలోని గాలినే కదా! 22 డిగ్రీల ఏసీ గదిలో వచ్చిన స్కోరు, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 40 దాటిన మధ్యాహ్నం కూడా వస్తుందని నమ్మడానికి లేదు. గది ఉష్ణోగ్రత రాయని రివ్యూ మన ఊళ్లకు సగం రివ్యూయే.

ఒక్క ప్రాసెసర్‌ని చూసి ఊరుకోకూడదు. 2023లో వచ్చిన ఎం2 మ్యాక్ మినీ 256 జీబీ మోడల్‌లో స్టోరేజీ చిప్ ఒక్కటే పెట్టారు. పరీక్షిస్తే, రెండు చిప్‌లున్న పాత ఎం1 మోడల్‌తో పోల్చినప్పుడు రీడ్ వేగం దాదాపు సగానికి, అంటే సెకనుకు సుమారు 1,500 ఎంబీకి పడిపోయింది. ప్రాసెసర్ కొత్తది, డిస్కు మాత్రం వెనకబడింది. విండోస్ మినీ పీసీలో డిస్కు వేగాన్ని క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే ప్రోగ్రాం నిమిషాల్లో చూపిస్తుంది.

కొన్నవాళ్లు వాపసు గడువు ముగిసేలోపే ఈ రెండు పరీక్షలూ చేసుకోవాలి. అదీ ఏసీ ఆపేసి, డబ్బాను రోజూ ఉంచే చోటే ఉంచి.