నీరు తిరిగొచ్చినా మొక్కలు రావు

ఉత్తర అమెరికాలో అయోవా, మిన్నెసోటా నుంచి డకోటాల మీదుగా కెనడా దాకా పరుచుకున్న గడ్డిమైదానాల్లో, మంచుయుగం చివర హిమానీనదాలు కరిగిపోతూ లక్షలాది గుంటలను మిగిల్చాయి. వీటిని ప్రెయిరీ పాట్‌హోల్స్ అంటారు. సహజమైన గుంటలో మొక్కలు వలయాలుగా పెరుగుతాయి. నడుమ లోతు నీటిలో మునిగి బతికేవి, వాటి చుట్టూ జమ్ము, వెలుపలి తడినేలలో తుంగ జాతులు ఉంటాయి.

రైతులు నేలలో మట్టి గొట్టాలు పరిచి, గుంటల్లోని నీటిని బయటికి మళ్లించి మొక్కజొన్న, సోయా వేశారు. 1780ల నుంచి 1980ల మధ్య అయోవా తన చిత్తడి నేలల్లో దాదాపు 89 శాతం కోల్పోయింది. 1985 నాటి వ్యవసాయ చట్టం తర్వాత కొన్ని పొలాలను సాగు నుంచి తప్పించి, గుంటలను తిరిగి నింపడం మొదలైంది. గొట్టాన్ని కొంతమేర తవ్వి తీసేసి, అవసరమైన చోట చిన్న కట్ట వేస్తే చాలు, నీరు నిలుస్తుంది.

మొక్కలు మాత్రం అంత తేలిగ్గా రాలేదు. దశాబ్దాల దుక్కిలో మట్టిలోని పాత విత్తనాలు చాలావరకు నశించాయి. సుసాన్ గలాటోవిచ్, ఆర్నాల్డ్ వాన్ డర్ వాక్ 1996లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం సహజమైన గుంటల్లో సగటున 46 జాతులుంటే, నీరు నింపి మూడేళ్లయిన గుంటల్లో 27 మాత్రమే కనిపించాయి. నీటిలో మునిగి పెరిగే మొక్కలు బాతుల వెంట త్వరగానే చేరాయి. తుంగ విత్తనాలకు అలాంటి ప్రయాణ సాధనం అంతగా లేదు. వాటికి మూలమైన పాత గుంటలు కూడా దూరమైపోయాయి. ఖాళీగా ఉన్న ఆ అంచును రీడ్ కెనరీ గడ్డి ఆక్రమించింది. పొలాల నుంచి కొట్టుకొచ్చే నత్రజని దానికి బలం. అది ఒత్తుగా అల్లుకున్నాక కింద చిన్న మొలకలకు వెలుతురే అందదు. నీరు నింపిన 19 ఏళ్లకు మళ్లీ పరిశీలించినప్పుడు కూడా చాలా గుంటల్లో ఈ గడ్డి, జమ్ము పెత్తనమే కనిపించింది.

అందుకే తుంగను మనుషులే తెచ్చి నాటాలి. చాలా తుంగ జాతుల విత్తనాలను పొడిగా నిల్వ చేస్తే మొలకెత్తే శక్తి తగ్గుతుంది. కోసిన వెంటనే చల్లాలి, లేదా తడిగా, చల్లగా దాచాలి. మొలకలు నిలదొక్కుకునే వరకు నేల తడిగా ఉండాలే తప్ప నీట మునగకూడదు. విత్తడానికి ముందే కెనరీ గడ్డిని తొలగించాలి. ఎరువు నీరు గుంటలోకి దిగకుండా చుట్టూ గడ్డిపట్టీ వదలాలి. ఆ తర్వాత కూడా ఏటా కలుపు కనిపెడుతూ ఉంటేనే తుంగ నిలుస్తుంది.